కింది పోర్షన్‌లో ఇద్దరు ఐదుగురయ్యారు, ఏం చేయమంటారు?

మాది విశాఖపట్నం, సీతమ్మధార. స్థలం వాలుగా ఉండటంతో మా కింది పోర్షన్ సగం నేలలోకే ఉంటుంది. ఒక గది, వంటిల్లు, బాత్రూమ్, వెనకవైపు ఒకే ఒక్క కిటికీ. దాదాపు రెండేళ్ల క్రితం భార్యాభర్తలకి అద్దెకిచ్చాం. ఈ మధ్య పాప పుట్టింది, సాయానికి అత్తగారు వచ్చారు, ఈ నెల నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ తమ్ముడూ దిగాడు.

మనుషులు మంచివాళ్లే, అద్దె ఐదో తారీఖు దాటనివ్వరు. మోటార్ రోజుకి రెండుసార్లు వేయాల్సి వస్తోంది, అది సర్దుకుంటాం. నా టెన్షనల్లా చెమ్మ గురించే. అసలే సముద్రపు గాలి. దానికి తోడు ఐదుగురి వంట, స్నానాలు, లోపలే ఆరేసే పాప బట్టలు. గోడ మూల నల్లగా బూజు పట్టింది, సరిగ్గా ఉయ్యాల కట్టిన వైపే! ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటీ సరిపోతుందా, గోడకి ఇంకేమైనా చేయించాలా?

11 నెలల అగ్రిమెంట్ వచ్చే నెలతో అయిపోతుంది. ఎంతమంది ఉండాలో అందులో రాసుకోలేదు, తప్పు నాదే. కొత్తదాంట్లో సంఖ్య రాయిస్తే బాధపడతారా? పసిబిడ్డ ఉండగా ఖాళీ చేయమంటే మా ఆవిడ ససేమిరా అంటోంది, నాకూ నోరు రావడం లేదు. ఇలా ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.