ఏఐ సెర్చ్ కోసం నా రాతను మార్చుకోవాలా? బీరపాదు పోస్టుతో వచ్చిన సందేహం

గోదావరి మిద్దెతోట (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మా డాబా మీద కూరగాయలు పండిస్తూ, ఆ అనుభవాలు తెలుగులో బ్లాగు రాస్తుంటాను. కడియం నర్సరీలు దగ్గరే కాబట్టి మొక్కలకు కొదవ లేదు, రాయడానికి విషయాలకూ లేదు. నా సందేహమల్లా రాసే తీరు గురించే.

మా చుట్టాలబ్బాయి హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ చేస్తాడు. "అత్తయ్యా, ఇప్పుడు జనం లింకులు నొక్కట్లేదు. చాట్‌జీపీటీని అడుగుతున్నారు, లేదంటే గూగుల్ పైన వచ్చే ఏఐ జవాబు చదివి వెళ్లిపోతున్నారు. మీరు ఇలా రాస్తే ఏఐ మిమ్మల్ని పట్టించుకోదు" అని, ఒక పోస్టు తనే తిరగరాసి పంపాడు.

నేను రాసింది ఇది:

"సాయంత్రం టీ తాగి డాబా ఎక్కేసరికి బీరపాదు పసుప్పచ్చగా వెలిగిపోతూ ఉంటుంది. పొద్దెక్కాక చూస్తే పూలన్నీ వాడిపోయి కనబడతాయి, కొత్తవాళ్లు కంగారు పడతారు. అవి విచ్చుకునేదే పొద్దు వాలుతుండగా. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. పక్కన గుత్తిగా ఉన్న మగపూలలో ఒకటి తుంచి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. మా డాబా మీదికి తేనెటీగలు తక్కువ వస్తాయి, అందుకని ఆ పని నాదే."

అతను పంపింది ఇది:

"బీరకాయ అనేది కుకుర్బిటేసి కుటుంబానికి చెందిన ముఖ్యమైన తీగజాతి కూరగాయ. మిద్దె తోటలో బీరకాయ పెంపకంలో పరాగసంపర్కం కీలక పాత్ర పోషిస్తుంది. మిద్దె తోటలో బీరకాయ పరాగసంపర్కానికి ఉదయం వేళ అనుకూలం."

దీని కింద ఓ బారెడు ప్రశ్నలు, జవాబులు.

ఈ "ఉదయం" ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఏఐ టూల్‌తో రాయించానన్నాడు. ఆ తర్వాత నేనే ఏఐ సెర్చ్‌లో "బీర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి, ఏం చేయాలి" అని అడిగి చూశాను. కాల్షియం లోపం అని మొదలుపెట్టి, చివర్లో పరాగసంపర్కం ఉదయమే చేయమంది. ఆ మాట నమ్మి పొద్దున ఎనిమిదింటికి డాబా ఎక్కినవాళ్లకు వాడిన పూలు తప్ప ఏం దొరుకుతాయి? పిందెలు రాలుతూనే ఉంటాయి, ఇక బీర మనకు కాదని పాదు పీకేస్తారు. నాకు అదే బాధ. సరైన సంగతి ఆ జవాబుల్లోకి వెళ్లాలని గట్టిగా కోరుకుంటున్నాను. కానీ దానికోసం రెండో పద్ధతిలో రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. నా పోస్టులు చదివేవాళ్లు "మీతో పాటు డాబా మీద తిరిగినట్టుంది" అంటారు. దాన్ని వదులుకోక తప్పదా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

వెతుకులాట (విశాఖపట్నం):

అమ్మా, నేను తెలుగు, కన్నడ వెబ్‌సైట్లకు సెర్చ్ పని చూస్తుంటాను. ముందు ఆ "ఉదయం" సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషులో లూఫా (బీర, నేతిబీర రెండింటికీ కలిపి ఉన్న జాతి పేరు) అని రాసే పేజీల్లో చాలావరకు నేతిబీర గురించే ఉంటాయి. నేతిబీర పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. గుమ్మడి, దోస కూడా పొద్దుటి పూలే. మనం కూర వండుకునే గరుకు బీర మాత్రం సాయంత్రం పూస్తుంది. ఈ తేడా విడమరిచి చెప్పే తెలుగు పేజీ దొరక్కపోతే ఏఐ ఆ ఇంగ్లీషు మాటనే తెలుగు చేసి ఇస్తుంది. మీ విషయంలోనూ ఇదే జరిగి ఉండాలి. అంటే మీ పోస్టు అవసరం అక్కడ చాలా ఉంది, అదీ మీరు రాసిన పోస్టుది. రెండోదాంట్లో కొత్తగా తెలుసుకునేది ఏమీ లేదు.

ఏఐ సెర్చ్ మీ పోస్టును మొదటి నుంచి చివరిదాకా మనిషిలా చదవదు. అడిగిన ప్రశ్నను చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొట్టుకుని వెతుకుతుంది, దొరికిన పేజీల్లోంచి పనికొచ్చే ముక్కలు ఏరుకుని జవాబు కూరుస్తుంది. కాబట్టి పేజీలోంచి విడిగా తీసినా అర్థం చెడని పేరా ఒకటి అందులో ఉండాలి. మీ పోస్టుకు ఆయువుపట్టు "అవి విచ్చుకునేదే పొద్దు వాలుతుండగా" అన్న వాక్యం. విడిగా తీస్తే అందులో "అవి" ఏమిటో తెలియదు. బీర అన్న పేరు రెండు వాక్యాల పైన ఉండిపోయింది. నేనైతే పోస్టు నెత్తిన ఇది పెట్టి, ఆ కింద మీ టీ, మీ డాబా ఒక్క అక్షరం కూడా కదపకుండా వదిలేస్తాను:

"బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. నేతిబీర, గుమ్మడి, దోస పూలలా ఉదయం కాదు. రాజమండ్రిలో మా డాబా మీద నేను చేత్తో పరాగసంపర్కం చేసేది సాయంత్రం ఐదున్నర దాటాక. పరాగసంపర్కం జరగని బీర పిందె పసుపెక్కి రాలిపోతుంది."

ఇందులో ఊరుంది, వేళ ఉంది, "నేను చేసేది" అన్న మాటుంది. గూగుల్ తన నాణ్యత మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో స్వీయ అనుభవం అన్న కొలమానాన్ని కొత్తగా చేర్చింది. మీ అబ్బాయి తీసేసింది సరిగ్గా దాన్నే.

"మిద్దె తోటలో బీరకాయ" అని వాక్యం వాక్యానికీ రాయడం ఇప్పుడు పని చేయదు. ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ పరిశోధకులు మరికొందరితో కలిసి 2023లో దీని మీదే ఒక పరిశోధన పత్రం పెట్టారు. ఏఐ జవాబుల్లో ఒక పేజీ ఎంత కనిపిస్తుందన్నది కొలిచి చూశారు. అంకెలు, ఎవరు చెప్పారో తెలిసేలా ఉటంకింపులు, ఆధారాల ప్రస్తావన చేర్చిన పేజీలకు 40 శాతం దాకా మేలు కనబడింది. కీవర్డులు, అంటే జనం వెతికే మాటలు, పదేపదే కుక్కినందుకు కలిసొచ్చింది ఏమీ లేదు. ఆ ప్రశ్నలు, జవాబుల చిట్టా కూడా అంతే. వాటిని ఫలితాల్లో ప్రత్యేకంగా చూపించడాన్ని గూగుల్ 2023 ఆగస్టులోనే ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది. పాఠకులు నిజంగా అడిగిన ప్రశ్న అయితే ఉంచండి, సెర్చ్ కోసం పది కల్పించకండి.

రాతకంటే ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. మీ బ్లాగును ఏ సంస్థల బాట్‌లు (పేజీలు చదివి వెళ్లే ప్రోగ్రాములు) చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలులో ఏముందో ఒకసారి చూడండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లకు జీపీటీబాట్ వేరు, ఓఏఐ సెర్చ్‌బాట్ వేరు. మొదటిది మోడల్ శిక్షణకు, రెండోది సెర్చ్‌లో చూపించడానికి. సెక్యూరిటీ ప్లగిన్లు కొన్ని రెండింటినీ కలిపి ఆపేస్తాయి. శిక్షణకు ఇవ్వడం ఇష్టం లేకపోతే మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని రానివ్వొచ్చు. ఇక రెండోది, ఎరువుల మోతాదులు, విత్తే నెలల పట్టికలు బొమ్మగా గానీ, యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌గా గానీ పెట్టి ఉంటే యూనికోడ్ తెలుగులో టైప్ చేసి పెట్టండి. ఆ పాత ఫాంట్ల పీడీఎఫ్‌లోంచి అక్షరాలు తీస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. ఎంతో కష్టపడి తయారుచేసిన తెలుగు సమాచారం అలా కంటికి కనబడుతూ కూడా వెతికితే దొరక్కుండా ఉండిపోతోంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది అదే.

ఎలగందుల బాట (కరీంనగర్):

పైన అన్న చెప్పినదాంట్లో తప్పు లేదు కానీ, అసలు సంగతి ఇంకొకటుంది. ఏఐ మీ పోస్టులోంచి తీసుకుందనే అనుకుందాం. దాంతో చదివేవాళ్లు మీ దాకా వస్తారా? ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2025లో అమెరికాలో సుమారు 900 మంది గూగుల్ వాడకాన్ని చూసింది. ఏఐ సారాంశం వచ్చిన పేజీల్లో మామూలు లింకు నొక్కింది 8 శాతం సార్లే. అది రానిచోట 15 శాతం. సారాంశం లోపలి లింకును నొక్కింది 1 శాతం. అంటే పైన నాలుగు వాక్యాల్లో మొత్తం చెప్పేస్తే చాలామంది ఆ నాలుగూ అక్కడే చదువుకుని వెళ్లిపోతారు.

నేను మా జిల్లా కోటల గురించి రాస్తుంటాను. ఎలగందుల కోట ఎక్కేటప్పుడు ఏ మలుపులో ఆగితే ఏం కనబడుతుందో రాస్తాను. అందులో పైన పెట్టడానికి రెండు వాక్యాల జవాబు ఉండదు, ఉండాల్సిన పని కూడా లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటే వస్తారు, ఈమెయిల్ చందాతో వస్తారు. ఆ రాత ఎవరిదో చూడగానే పోల్చుకుంటారు కాబట్టి వస్తారు. మేడమ్ గారూ, మీ గొంతే మీ చిరునామా. ఏఐ కోసం పాత పోస్టులన్నీ తిరగేసే బదులు ఆ సమయంలో కొత్తది రాయండి.

వెతుకులాట:

క్లిక్కుల లెక్క మీరన్నట్టే ఉంది, కాదనను. కానీ అమ్మ అడుగుతున్నది క్లిక్కుల కోసం కాదు కదా. తప్పు జవాబు చదివి జనం పాదులు పీకేస్తున్నారన్నది ఆమె బాధ. సాయంత్రం అన్న మాట పదిమందికి చేరితే, వాళ్లు బ్లాగుకు రాకపోయినా, ఆమె కోరిక సగం తీరినట్టే. కోట గురించిన రాతకు ఇది అక్కర్లేదనే నేనూ అంటాను. "ఎందుకు రాలుతోంది", "ఎంత వేయాలి", "ఎప్పుడు విత్తాలి" అని జనం అడిగే పోస్టులకు మాత్రమే ఇది.

డాలస్ పెరడు (టెక్సస్):

అక్కా, నేను మీ బ్లాగు మొదటి నుంచీ చదువుతున్నాను. మీరు చెప్పినట్టే ఇక్కడ మా పెరట్లో బీరకు చేత్తో అద్దుతాను. ఒక్క మాట చెప్పాలి. జూన్ నెలాఖరులో మాకు పొద్దు గుంకేది ఎనిమిదిన్నర దాటాకే. మీరు ఐదున్నర అని రాస్తే ఇక్కడివాళ్లు మండుటెండలో విచ్చుకోని మొగ్గల ముందు నిలబడతారు. ఏఐ ఆ అంకె ఒక్కటి పట్టుకుని ఊరి పేరు వదిలేస్తే ఇంకో తప్పు పుడుతుంది. "పొద్దు గుంకడానికి గంట ముందు నుంచి పూలను గమనించండి" అని కూడా అదే పేరాలో రాయండి, ఎక్కడివాళ్లకైనా పనికొస్తుంది.

మీ రాతను మాత్రం దయచేసి మార్చకండి. ఇక్కడ పుట్టి పెరిగిన మా అమ్మాయికి ఆ పోస్టులు నేను చదివి వినిపిస్తాను. "కుకుర్బిటేసి కుటుంబానికి చెందిన" అని మొదలుపెడితే అది వినదు.

గోదావరి మిద్దెతోట:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేతిబీర వల్ల వచ్చిన తికమక అని తెలిశాక మనసు కాస్త కుదుటపడింది. బీర పోస్టు పైన నాలుగు వాక్యాలు పెట్టాను. డాలస్ చెల్లెలు చెప్పిన పొద్దు గుంకే లెక్క అందులో చేర్చాను. దాని కింద నా పేరా ఉన్నదున్నట్టు ఉంది, "అవి" బదులు "బీరపూలు" అని ఒక్క చోట మార్చాను. చదువుకుంటే నాకేమీ పరాయిగా అనిపించలేదు.

పిండినల్లికి వేపనూనె మోతాదు, పుల్లమజ్జిగ పిచికారీ పోస్టులకు కూడా ఇలాగే చేస్తాను. నాకు ఎక్కువగా ప్రశ్నలు వచ్చేది వాటి మీదే. విత్తే నెలల పట్టిక బొమ్మగానే ఉంది, దాన్ని ఈ వారంలో టైప్ చేస్తాను. కార్తీకంలో చిక్కుడు పూత గురించి, మా అత్తగారి పొట్లపందిరి గురించి రాసినవాటి జోలికి మాత్రం వెళ్లను. కరీంనగర్ తమ్ముడి మాట అక్కడ నూటికి నూరుపాళ్లు సరిపోతుంది.

చివరిగా ఒక సందేహం. ఇలా సవరించిన పోస్టులకు తేదీ మార్చాలా? కొత్త తేదీ ఉంటేనే ఏఐ తీసుకుంటుందని అబ్బాయి అంటున్నాడు.

వెతుకులాట:

రాసిన తేదీ తీసేయకండి. దాని పక్కనే "సవరించినది" అని కొత్త తేదీ చేర్చండి, ఏం మార్చారో ఒక ముక్కలో చెప్పండి. ఏమీ మార్చకుండా తేదీ ఒక్కటే మార్చడం గూగుల్ వద్దని చెప్పే పనుల్లో ఉంది. పట్టిక టైప్ చేశాక లింకు ఇక్కడ పెట్టండి, ఫోన్లో సరిగ్గా కనబడుతోందో లేదో చూసి చెబుతాను.