‘పునఃకలయిక’ అనాలా, ఇంకో మాట ఏదైనా ఉందా?

ప్రశ్న:
చిన్నప్పుడు వరసగా నాలుగు వేసవులు ఒకే సమ్మర్ క్యాంపుకు వెళ్ళినవాళ్ళం 11 మందిమి, 22 ఏళ్ళ తర్వాత అదే క్యాంపులో రెండు రోజులు గడపాలనుకుంటున్నాం. అందరికీ పిలుపు రాసే పని నా మీద పడింది. ‘మన వేసవి శిబిర పునఃకలయిక’ అని రాసి గ్రూపులో పెట్టాను. “ఇదేదో ఆఫీసు సర్క్యులర్‌లా ఉంది, హాజరు కాకపోతే జీతం కోస్తారా?” అని ఒకామె వెక్కిరించింది. రీయూనియన్ అని రాసేస్తే గొడవ ఉండదు గానీ నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏమంటారు?

మొదటి జవాబు:
‘పునః’ సంస్కృతం, ‘కలయిక’ అచ్చ తెలుగు. ఈ రెంటినీ సమాసం చేస్తే పాతకాలపు పండితులు వైరి సమాసం అని కొట్టేసేవారు. నాకు అంత పట్టింపు లేదు, వాడుకలో ఇలాంటివి బోలెడు. నా అభ్యంతరం వేరు. ‘కలయిక’ నదులకు బాగుంటుంది, రంగులకు బాగుంటుంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి దానికి ఆలుమగల అర్థం కూడా ఉంది కాబట్టి కొంచెం ఇబ్బంది. పూర్తి సంస్కృతమే కావాలంటే ‘పునస్సమాగమం’ అనండి, ‘పునర్మిలనం’ అనండి. వ్యాకరణానికి లోటు రాదు, మీ స్నేహితురాలి వెక్కిరింత మాత్రం రెట్టింపవుతుంది.

రెండో జవాబు:
‘ఆత్మీయ సమ్మేళనం’ ఉండనే ఉంది కదండీ?

ప్రశ్న అడిగినవారు:
ఆ మాట వింటే నాకు మైకు, వేదిక, గంటన్నర ఉపన్యాసం కనిపిస్తాయండీ. మేం పోయేది చెట్టుకింద కూర్చోవడానికి.

మూడో జవాబు:
అసలు దీనికి నామవాచకం ఎందుకు? ఇంగ్లిషులో ఒక నామవాచకం ఉంది కాబట్టి మనకీ ఒకటి ఉండి తీరాలని మొదలుపెడతాం, చిక్కంతా అక్కడే. ఇలాంటి చోట తెలుగు క్రియతో పని కానిస్తుంది. ‘మళ్ళీ కలుద్దాం.’ అయిపోయింది.

ఆ ‘మళ్ళీ’ని ఒకసారి విప్పి చూడండి. మరలు, మళ్ళు అంటే వెనక్కి తిరగడం. నీళ్ళు మళ్ళించడం, దారి మళ్ళడం, నిధుల మళ్ళింపు, అన్నిటిలోనూ ఉన్నది ఆ క్రియే. మరలి అంటే వెనుదిరిగి. అదే మళ్ళి అయింది, చివర దీర్ఘం వచ్చి ‘మళ్ళీ’ అయింది. ‘తిరిగి’ కూడా అంతే. ‘తిరిగి కలిశాం’ అన్నప్పుడు అందులో తిరగడం ఉంది. అంటే ఇంకోసారి అనే అర్థానికి మనం వాడే ఈ రెండు మాటల్లోనూ మొదట ఉన్నది లెక్క కాదు, నడక. వెళ్ళినవాడు వెనక్కి తిరిగి అదే చోటికి రావడం. ఏ హోటల్లోనో కలుసుకుంటే ‘మళ్ళీ’కి సగం అర్థమే దక్కుతుంది. మీరు అదే క్యాంపుకు పోతున్నారు, అదే మంచాల మీద పడుకుంటారు. ఆ మాట మీకు అక్షరాలా సరిపోతుంది. ‘పునః’ దానికి సాటి రాదని నా మొండి అభిప్రాయం.

నాలుగో జవాబు:
‘శిబిరం’ గురించి ఎవరూ మాట్లాడలేదేం? సంస్కృతంలో అది సైన్యం దిగిన చోటు. తెలుగు పాళెం కూడా దండు దిగిన చోటే. క్యాంప్ అనే మాట లాటిన్‌లో మైదానానికున్న ‘కాంపస్’ అనే పేరు నుంచి పుట్టి, సైన్యం మీదుగానే పిల్లల దగ్గరికి వచ్చింది. అమెరికాలో కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే ఆయన బడి నడిపేవాడు. 1861లో, అక్కడి అంతర్యుద్ధం మొదలైన ఏడాది, బడి పిల్లల్ని సైనికుల్లా నడిపించుకుంటూ సముద్రతీరానికి తీసుకెళ్ళి రెండు వారాలు డేరాల్లో ఉంచాడు. వేసవి క్యాంపుల చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా అక్కడినుంచే మొదలుపెడతారు. కాబట్టి మీ ‘శిబిరం’లో తప్పేమీ లేదు. అయినా చిన్నప్పుడు మీ నోట వచ్చింది క్యాంపే అయితే క్యాంపనే రాయండి. ‘విడిది’ అందమైన మాటే, కానీ అందులో అతిథి మర్యాద ఎక్కువ. పొద్దున్నే గంట కొట్టి లేపే చోటిని ఎవరూ విడిది అనరు.

ప్రశ్న అడిగినవారు:
గంట సంగతి గుర్తు చేశారు, బాగుంది! ఇంకో చిక్కు. ‘పాత స్నేహితులారా’ అని మొదలుపెడితే, ఇప్పుడు స్నేహం లేనట్టు వినిపిస్తోంది.

మూడో జవాబు రాసినవారు:
అవును, మనకు ‘పాత’ అంటే చాలాసార్లు వాడి వదిలేసినది. ‘చిన్ననాటి’ అనండి. ‘చిన్నప్పటి’కీ దానికీ చిన్న తేడా ఉంది. చిన్నప్పటి ఫోటో అంటే అప్పటిది. చిన్ననాటి స్నేహం అంటే అప్పుడు మొదలై ఇంకా ఉన్నది. నా చెవికైతే అలా వినిపిస్తుంది, నిఘంటువులో ఇంత తేడా కనపడకపోవచ్చు.

ఐదో జవాబు:
నేనొక మాటకు వకాల్తా పుచ్చుకుంటాను: సావాసం. సహాయం సాయమైనట్టు, మహారాజు మారాజైనట్టు సహవాసం సావాసమైంది. కలిసి వసించడం, అంటే ఒకే కప్పు కింద ఉండటం. క్లాసులో పక్క బెంచీవాడితో స్నేహం సాయంత్రం గంటతో ఇంటికి పోతుంది. క్యాంపులో అలా కాదు. వాడు నిద్రలో ఏం కలవరిస్తాడో, ఇంటి మీద బెంగతో దుప్పటి కప్పుకుని ఎప్పుడు ఏడుస్తాడో పక్క మంచం వాళ్ళకు తెలుస్తుంది. అది సావాసం. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అనే సామెత ఊరికే పుట్టలేదు. పిల్లలకు ఆరు నెలలు కూడా అక్కర్లేదు, రెండు వారాలు చాలు. పాపం, పెద్దవాళ్ళు ‘చెడు సావాసాలు’ అని తిట్టీ తిట్టీ ఆ మాటను పాడుచేశారు.

ప్రశ్న అడిగినవారు:
వెళ్ళొచ్చాం. పిలుపులో ‘మళ్ళీ క్యాంపులో కలుద్దాం’ అని మాత్రమే రాశాను. ‘సావాసగాళ్ళారా’ అని మొదలుపెడదామనుకున్నా గానీ, “ఆ గాళ్ళలో మేమెక్కడున్నాం?” అని ఆ వెక్కిరించినామే అడ్డుపడింది. సావాసగత్తె అనే మాట ఉందని చెబితే, ఆ రెండు రోజులూ నన్ను వేరే పేరుతో పిలవలేదు, “ఏయ్ సావాసగాడా” అనే పిలిచింది.