కర్ణపిశాచి 'నడుగు'వాడు: ఆ 'న' ఎక్కడిది?

అయనావరం: సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యం ఒకటి మళ్లీ బుర్ర తొలుస్తోంది. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 18లో, మీ మధ్య ఉండనివ్వకూడదన్న వాళ్ల జాబితాలో సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, ఇంద్రజాలకుడు అయ్యాక "కర్ణపిశాచి నడుగువానినైనను" అని వస్తుంది కదా. మేం 'నడుగువాడు' అంటే నడిచేవాడేమో అనుకుని చదివేసేవాళ్లం. ఆ 'న' ఎక్కడిది? అచ్చుతప్పా?

పెరంబూరు మాస్టారు: అచ్చుతప్పు కాదు, ద్వితీయా విభక్తి. కర్ణపిశాచిని + అడుగు. 'ని'లో ఇకారం పోయి, మిగిలిన నకారం పక్కనున్న అచ్చును పట్టుకుంది. 'వాని నడిగెను' అంటే తడుముకోరు కదా! చిన్నయసూరి ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన మద్రాసులో ఉండి అడగాల్సిన ప్రశ్నా ఇది?

వేళచేరి: మాస్టారూ, 'న' సరే. సమూయేలు మొదటి గ్రంథం 28లో, చనిపోయిన సమూయేలు ప్రవక్తను రప్పించమని సౌలు రాజు వెళ్లిన ఏన్దోరు ఆవిడ దగ్గరికి వచ్చేసరికి 'కర్ణపిశాచము' అయింది. అక్కడ 'చి', ఇక్కడ 'చము' ఎందుకు? అనువదించిన చేతులు వేరా?

పెరంబూరు మాస్టారు: చేతులు చాలానే పడ్డాయి. జర్మన్ మిషనరీ షుల్జ్ 1720ల్లో మద్రాసు వచ్చి బైబిలును తెలుగు చేసినా అది అచ్చుకే నోచుకోలేదు. తర్వాత విశాఖ మిషనరీలు, వాళ్ల పక్కన మన పండితులు. అందరూ ఒకే మాట వాడాలంటే ఎలా?

అన్నానగర్ అక్కయ్య: 'చి'యా 'చము'యా అని కొట్టుకుంటున్నారు గానీ, అసలు చెవి ఎందుకొచ్చిందో ఎవరూ అడగరేం? మా పక్కింటి తమిళావిడ బైబిల్లో సౌలు 'అంజనం పార్క్కిర' స్త్రీని వెతకమంటాడు. అంటే అంజనం చూసే మనిషి. మా అమ్మమ్మగారి ఊళ్లో నగ పోతే తమలపాకు మీద కాటుక పూసి, పదేళ్లలోపు పిల్లాణ్ణి కూర్చోబెట్టి 'ఏం కనబడుతోందిరా' అని అడిగేవారు. అదీ అంజనం. కథలో కూడా అంతే. "దుప్పటి కప్పుకొనిన ముసలివాడొకడు" పైకి వస్తున్నాడని చెప్పేది ఆవిడే. సౌలుకు ఏమీ కనిపించదు, అడిగి తెలుసుకుంటాడు. తమిళం వాళ్లే కథను సరిగ్గా పట్టుకున్నారని నా లెక్క.

అయనావరం: అక్కా, యెషయా 8లో "కిచకిచలాడి గొణుగు మంత్రజ్ఞులు" అని ఉంది. కిచకిచ అన్నాక అది చెవి పనే. 29లో కూడా ఆ గొంతు నేలలోంచి గుసగుసగా వస్తుంది.

వేళచేరి: గ్రీకు బైబిల్లో అయితే ఈ మాటకు ఎంగాస్త్రిముథోస్, కడుపుతో మాట్లాడేది. హీబ్రూలో ఉన్నది 'ఓబ్' అనే చిన్న ముక్క, దాని మీద పండితులు ఇప్పటికీ తన్నుకుంటూనే ఉన్నారు. మనవాళ్లు ఊళ్లో దొరికిన పిశాచిని తెచ్చి అతికించారు. నన్నడిగితే బ్రహ్మాండమైన అతుకు.

పెరంబూరు మాస్టారు: బ్రహ్మాండం ఏమీ కాదు. మా వైపు నమ్మకం ప్రకారం కర్ణపిశాచి జరిగింది చెబుతుంది గానీ జరగబోయేది చెప్పలేదు. ఏన్దోరులో వచ్చినాయన "రేపు నీవును నీ కుమారులును నాతోకూడ ఉందురు" అన్నాడు, అలాగే జరిగింది. కాబట్టి మన లెక్కలోనే అది కర్ణపిశాచి పని కాదు, వచ్చింది సమూయేలే! ఇది నా సొంత సిద్ధాంతం.

వేళచేరి: సొంతమా? క్రైస్తవ పండితుడు ఓరిజెన్ మూడో శతాబ్దంలోనే వచ్చింది సమూయేలేనన్నాడు. తర్వాత అంతియొకయ బిషప్పు యుస్తాతియు 'కాదు, దయ్యం వేసిన నాటకం' అని ఏకంగా ఓ గ్రంథమే రాశాడు. మీరు పదిహేడు వందల ఏళ్లు లేటు మాస్టారూ.

పెరంబూరు మాస్టారు: పెరంబూరులో కూర్చుని ఓరిజెన్‌ను చదవకుండా అదే మాట అనగలిగానంటే గొప్ప ఎవరిదో మీరే చెప్పండి.

విల్లివాక్కం: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పిశాచి అనగానే జాషువా గుర్తొచ్చాడు. గుడ్లగూబలు దయ్యాలతో చెలగాటమాడే శ్మశానం పద్యం హరిశ్చంద్ర నాటకంలో పాడుతుంటే మా నాన్న చెయ్యి పట్టుకుని వణికిపోయేవాణ్ణి. 'క్రీస్తు చరిత్ర' రాసిన మనిషి, దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంతటివాడు ఈ సౌలు కథ మీద ఓ ఖండిక రాసి ఉంటే ఎలా ఉండేదో! కొడుకు యుద్ధంలో, దేవుడు మౌనం, రాత్రిపూట మారువేషంలో రాజు.

అన్నానగర్ అక్కయ్య: ఆ ఖండికలో ఆవిడకు న్యాయం జరిగేది బాబూ. ఈ సోదెవాళ్లను దేశంలోంచి వెళ్లగొట్టింది సౌలే. కల రాలేదు, దేవుణ్ణి అడిగే ఊరీము పలకలేదు, ప్రవక్తలు పలకలేదు, అప్పుడు ఆవిడ గుమ్మం ఎక్కాడు. ప్రాణానికి భయపడుతూనే పని చేసింది. ఆపైన రోజంతా తిండిలేక నేలకూలినవాడికి కొవ్విన దూడను కోసి, పిండి పిసికి పొంగని రొట్టెలు కాల్చి పెట్టింది. ఇదంతా పిశాచం చేయించిన వంటేనా?

అయనావరం: అన్నం పెట్టినా నిషేధం నిషేధమే అక్కా. లేవీయకాండం 20లో రాళ్లతో కొట్టాలనే ఉంది. ద్వితీయోపదేశకాండం 18లో కారణం కూడా కిందనే చెబుతాడు దేవుడు: వీళ్లను అడగొద్దు, నేను ప్రవక్తను పుట్టిస్తాను, అతని మాట వినండి అని. గొడవంతా మంత్రం పారుతుందా లేదా అని కాదు, ఎవరిని అడుగుతున్నావు అని. అందుకే నాకు ఆ 'అడుగు' ముఖ్యం.

వేళచేరి: మరి యోసేపు వెండి గిన్నెలో శకునాలు చూస్తాడని ఆదికాండం 44లో ఉన్నదాన్ని ఏం చేద్దాం?

అయనావరం: అది అన్నల్ని భయపెట్టడానికి ఆడించిన మాట. చూశాడని ఎక్కడా లేదు.

వేళచేరి: అలా అనేవాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు లెండి.

పెరంబూరు మాస్టారు: ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటి చెబుతాను. కర్ణపిశాచి పక్కనే "దయ్యములయొద్ద విచారణచేయువాని" అని ఉంది. మూలంలో అక్కడున్నది చనిపోయినవాళ్లు. మన ఊళ్లో దయ్యం అంటే చచ్చినవాడే కాబట్టి సరిపోయింది. కానీ సువార్తల్లో యేసు వెళ్లగొట్టే దయ్యాలు చచ్చినవాళ్లు కావు. ఒకే మాట రెండు చోట్లా వాడేశారు.

విల్లివాక్కం: అయితే జాషువా శ్మశానంలో ఉన్నవి ఏ దయ్యాలు మాస్టారూ, పాత నిబంధనవా, కొత్త నిబంధనవా?

పెరంబూరు మాస్టారు: గుంటూరు జిల్లావి.