చర్చ: క్రాల్ అవుట్, స్విమ్ ఎక్రాస్ లాంటివాటిని ఫ్రేజల్ వెర్బ్స్‌గా బట్టీ పట్టాలా, విడదీసి నేర్చుకోవాలా?

పదసంచారి

గో అవుట్, కమ్ ఇన్, క్రాల్ అవుట్, జంప్ ఓవర్, స్విమ్ ఎక్రాస్... మన స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో ఇవన్నీ ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ, దాని వెనక చిన్నమాట కలిసిన జంటలు) పట్టికలో, పక్కన తెలుగు అర్థంతో కనిపిస్తాయి. వీటిని ఆ పట్టికలోంచి తీసేయాలని నా వాదన. గివ్ అప్ (వదులుకోవడం), పుట్ అప్ విత్ (భరించడం) లాంటివి బట్టీ పట్టక తప్పదు, ముక్కలు చేస్తే అర్థం రాదు కాబట్టి. క్రాల్ అవుట్‌కి ఆ అవసరం లేదు. క్రాల్ తెలిసి, అవుట్ తెలిస్తే చాలు.

పట్టించుకోవాల్సింది పని పంపకం. ఇంగ్లీషులో ఎలా కదిలారో క్రియ చెబుతుంది, ఎటు కదిలారో దాని వెనకాల వచ్చే చిన్నమాట చెబుతుంది. తెలుగులో ఇది తలకిందులు. ఎటు అన్నది ఎక్కు, దిగు, దాటు, వచ్చు, వెళ్లు లాంటి అసలు క్రియలోనే ఉంటుంది. ఎలా అన్నది ‘పాక్కుంటూ’, ‘ఈదుకుంటూ’ అని ముందు చేరుతుంది.

‘ఈదుకుంటూ ఏరు దాటింది’ తీసుకోండి. ముందు ‘దాటింది’ని ఎక్రాస్ చేయండి. తర్వాత ‘ఈదుకుంటూ’ని అసలు క్రియగా మార్చి కాలం దానికే తగిలించండి: స్వామ్. చివర ఏరు. షి స్వామ్ ఎక్రాస్ ద రివర్. ఈ మార్పిడి చేయకపోతే ‘షి క్రాస్డ్ ద రివర్ బై స్విమ్మింగ్’ అని వస్తుంది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, కానీ మామూలుగా అలా అనరు.

ఇంకో సంగతి. ‘పాప పాక్కుంటూ బయటికొచ్చింది’, ‘బయటికెళ్లింది’ రెండింటికీ ‘క్రాల్డ్ అవుట్’ సరిపోతుంది. మనం చూసేది లోపలి నుంచా, బయటి నుంచా అన్నది ఇంగ్లీషు వదిలేస్తుంది. అది కావాలంటే ‘కేమ్ క్రాలింగ్ అవుట్’ అనాలి.

కర్తకర్మ

పదసంచారి గారూ, మీ పద్ధతి మీరు ఎంచుకున్న వాక్యాలకు బాగానే ఉంది. కానీ ‘ద కార్ ర్యాన్ ఓవర్ ద డాగ్’ని అలాగే విడదీస్తే కారు కుక్క మీదుగా దూకి వెళ్లిందనుకుంటారు. అసలు అర్థం తొక్కించేసింది అని. ‘ర్యాన్ ఇంటు ఎ ఫ్రెండ్’ అంటే అనుకోకుండా ఎదురుపడ్డారని, ‘ర్యాన్ ఇంటు ద రూమ్’ అంటే గదిలోకి పరిగెత్తారని. రూపం ఒకటే, అర్థాలు రెండు. జాబితా లేకుండా నేర్చుకునేవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

పైగా మినహాయింపుల సంగతేంటి? గో హోమ్‌కి టు రాదు. ఎంటర్ పక్కన ఇంటు రాదు. బస్సుకి గెట్ ఆన్, కారుకి గెట్ ఇన్. ఇవన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సినవే.

దారిమాట

ఎంటర్‌ని మినహాయింపు అనక్కర్లేదండి, దానికి కారణం ఉంది. భాషాశాస్త్రవేత్త లెనర్డ్ టాల్మీ 1985లోనూ 1991లోనూ చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. దారిని, అంటే ఎటు కదిలారన్నదాన్ని, క్రియలోనే చెప్పే భాషలు ఒక రకం: స్పానిష్, ఫ్రెంచ్, టర్కిష్, జపనీస్. క్రియ పక్కన వేరే మాటతో చెప్పేవి ఇంకో రకం: ఇంగ్లీషు, జర్మన్, రష్యన్. తెలుగు చాలావరకు మొదటి రకంలా నడుస్తుంది.

ఎంటర్, ఎగ్జిట్, అసెండ్, డిసెండ్, రిటర్న్ లాంటివి ఫ్రెంచ్ నుంచో లాటిన్ నుంచో ఇంగ్లీషులోకి వచ్చినవి. దారిని కడుపులో పెట్టుకునే వచ్చాయి. అందుకే ‘ఎంటర్ ఇంటు ద రూమ్’, ‘డిసెండ్ డౌన్’, ‘రిటర్న్ బ్యాక్’ అంటే దారిని రెండుసార్లు చెప్పినట్టవుతుంది. క్రియలో దారి ఉందా లేదా అని ముందు చూసుకుంటే ఈ తప్పులన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. ‘ఎంటర్ ఇంటు ఎన్ అగ్రిమెంట్’ వేరు. అక్కడ కదలిక లేదు, ఇంటు ఉండాల్సిందే.

పదసంచారి గారికి కూడా ఒక సవరణ. తెలుగు పూర్తిగా తలకిందులేమీ కాదు. ‘బయటికి పరిగెత్తాడు’, ‘పాము పుట్టలోకి పాకింది’ అని మనమూ అంటాం. తేడా బయటపడేది ఒక హద్దు దాటిన సంగతి తేల్చి చెప్పాల్సినప్పుడు. ‘ఏటికి అడ్డంగా ఈదింది’ అంటే అవతలి ఒడ్డు చేరిందో లేదో తెలియదు. ‘దాటింది’ అంటేనే తేలుతుంది. ‘స్వామ్ ఎక్రాస్’ మామూలుగా చేరినట్టే.

వాక్యశిల్పి

అసలు చిక్కు అర్థంలో కంటే పదాల వరుసలో ఉంది. ఇది మీరు ముగ్గురూ వదిలేశారు. ‘బ్రాట్ ఇన్ ద చెయిర్స్’, ‘బ్రాట్ ద చెయిర్స్ ఇన్’ రెండూ సరే. కుర్చీల బదులు సర్వనామం పెడితే మాత్రం ‘బ్రాట్ దెమ్ ఇన్’ ఒక్కటే నిలుస్తుంది. ‘బ్రాట్ ఇన్ దెమ్’ తప్పు. అదే ‘ర్యాన్ అప్ ద హిల్’లో సర్వనామం చివరికే వెళ్తుంది: ర్యాన్ అప్ ఇట్. ‘ర్యాన్ ఇట్ అప్’ అంటే కొండ పోయి బిల్లు పెరుగుతుంది, ఎందుకంటే ‘ర్యాన్ అప్ ఎ బిల్’ అనేది వేరే ప్రయోగం.

కాబట్టి అర్థం తేలిగ్గా తెలిసినా పరీక్ష చేయాలి. నామవాచకాన్ని మధ్యలోకి జరపండి. జరిగితే ఆ చిన్నమాట పార్టికల్ (క్రియకు అతుక్కునేది), జరగకపోతే ప్రిపొజిషన్ (వెనక వచ్చే నామవాచకానికి అతుక్కునేది). చెవితోనూ పట్టుకోవచ్చు: ‘బ్రాట్ దెమ్ ఇన్’లో ఒత్తు ఇన్ మీద పడుతుంది, ‘ర్యాన్ అప్ ద హిల్’లో హిల్ మీద.

పార్టికల్, ప్రిపొజిషన్ రెండూ వేర్వేరు జాతులా అన్నది పండితుల్లోనే తేలని గొడవ. డెన్మార్క్ భాషాశాస్త్రవేత్త యెస్పర్సన్ 1924లోనే ఇవి ఒకే వర్గమని, వెనక నామవాచకం ఉండటం లేకపోవడమే తేడా అని వాదించాడు. 2002 నాటి కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణ గ్రంథం కూడా దాదాపు ఆ దారినే పట్టింది. నాకు ఆ వాదన నచ్చుతుంది. కానీ నేర్చుకునేవాడికి పైన చెప్పిన పరీక్షే కావాలి.

చిన్నమాట

ఇన్, ఇంటు గురించి ఎవరూ చెప్పలేదు. ‘ర్యాన్ ఇన్ ద రూమ్’ అంటే మామూలుగా గదిలోనే అటూ ఇటూ పరిగెత్తాడని. లోపలికి అనాలంటే ఇంటు పెట్టండి. పుట్, ఫాల్, జంప్ లాంటి క్రియలతో ఇన్ చాలు, ఎందుకంటే లోపలికి చేరడం ఆ క్రియలోనే వినిపిస్తుంది: పుట్ ఇట్ ఇన్ ద బాక్స్. అనుమానం ఉన్నప్పుడు ఇంటు వాడితే తప్పు రాదు.

అవుట్ వెనక నామవాచకం వస్తే ఆఫ్ కావాలి: అవుట్ ఆఫ్ ద రూమ్. అమెరికా వాడుకలో ‘అవుట్ ద డోర్’, ‘అవుట్ ద విండో’ ఉన్నాయి కదా అంటారేమో. అవి తలుపు, కిటికీ లాంటి దారులకే. గదికి, పెట్టెకి అలా కుదరదు.

టు, టువర్డ్స్ తేడా కాలంతో పరీక్షించండి. ‘వాక్డ్ టు ద స్టేషన్ ఇన్ 10 మినిట్స్’: చేరారు. ‘వాక్డ్ టువర్డ్స్ ద స్టేషన్ ఫర్ 10 మినిట్స్’: అటుగా నడిచారు, చేరారో లేదో చెప్పలేదు. వీటిలో ఇన్‌కీ ఫర్‌కీ చోట్లు మార్చి చూడండి, ఎక్కడ తడబడుతుందో మీకే వినిపిస్తుంది.

పదసంచారి

కర్తకర్మ గారి రన్ ఓవర్ అభ్యంతరం న్యాయమైనదే. అలాంటివి పట్టికలో ఉండాలి, కానీ ముందు మామూలు కదలిక నేర్పాకే. లేకపోతే ప్రతి జంటా విద్యార్థికి కొత్త పదంలా కనిపిస్తుంది, ఎప్పుడూ వినని జంటను సొంతంగా తయారు చేసుకోలేడు.

జాబితా ఎప్పటికీ అందుకోలేనిది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు ఒకే క్రియ మీద ఎన్ని దార్లనైనా పేర్చగలదు: ద క్యాట్ ర్యాన్ డౌన్ ద స్టెయిర్స్, ఎక్రాస్ ద యార్డ్ అండ్ ఇంటు ద షెడ్. తెలుగులో ఒక్కో మలుపుకీ ఒక్కో క్రియ కావాలి: పిల్లి పరుగున మెట్లు దిగి, పెరడు దాటి, పాకలోకి దూరింది. మన అలవాటు కొద్దీ డిసెండెడ్, క్రాస్డ్, ఎంటర్డ్ అని మూడు క్రియలు రాస్తే ఆ పరుగే మాయమవుతుంది.

కర్తకర్మ

ఈ చివరి ఉదాహరణ ఒప్పుకుంటున్నాను. అది జాబితాతో రాదు.

గెట్ ఆన్, గెట్ ఇన్ దగ్గర మాత్రం నా మాట మీదే ఉంటాను. లేచి నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానం, ఓడలకు ఆన్, కూర్చోవడమే తప్ప నడవలేని కారు, టాక్సీలకు ఇన్ అని సూత్రం చెబుతారు. సైకిలు, గుర్రం మీద నడవలేం కదా, వాటికీ ఆన్ వస్తుంది. పైకెక్కి కూర్చుంటాం కాబట్టి అని దానికి రెండో సూత్రం కలపాలి. వాహనాలు పట్టుమని పది కూడా లేవు. రెండు సూత్రాలు గుర్తుపెట్టుకునే బదులు ఆ కాసిని పేర్లు నేర్చుకోవడమే తేలిక. దిగేటప్పుడూ అదే విభజన: ఆన్ ఎక్కినవాటికి గెట్ ఆఫ్, ఇన్ ఎక్కినవాటికి గెట్ అవుట్ ఆఫ్.