అప్‌డేట్: స్మోకీస్ అడవిలో రెండు రాత్రులు ఉండి గుంటూరు వచ్చేశాం

అమెరికాలోని టెన్నెసీలో ఉండే మా అన్నయ్యతో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌లో నడిచి వెళ్లి టెంట్‌లో పడుకుంటాం, అమ్మ కట్టిచ్చిన కందిపొడి, గోంగూర పచ్చడి వాసనకి ఎలుగుబంట్లు వస్తాయా అని పోయిన నెల అడిగాను కదా, క్షేమంగా తిరిగొచ్చాం. పర్మిట్ ముందే తీసుకున్నాం, మనిషికి రాత్రికి 8 డాలర్లు. టెంట్ వేసిన చోట కరెంటు, కుళాయి ఏమీ లేవు గానీ చెట్ల మధ్య ఇనుప తీగలు, కప్పీలు ఉన్నాయి, వాసనకి వచ్చే ఎలుగులకి అందకుండా తిండితో పాటు టూత్‌పేస్ట్, సబ్బు కూడా సంచిలో వేసి వాటితో పైకి లాగేశాం. వంట టెంట్‌కి దూరంగానే. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరగబెట్టే తాగాం. ఎలుగు కనపడలేదు, కానీ మొదటి రాత్రి ఆకు కదిలినా టెన్షనే. పచ్చడి సీసా బరువు, వెళ్లేవాళ్లు పొడి ఒక్కటే తీసుకెళ్లండి. నేను అడిగినప్పుడు సబ్బు కూడా పైకి కట్టమని ఇక్కడ చెప్పిన అన్నగారికి చాలా థాంక్స్, అది మాకు తట్టేదే కాదు.