సాయంత్రం 6–10 పీక్ రేటు: హోటల్లో ఏ లోడు జరపాలి, ఏది జరపకూడదు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

నమస్కారమండీ. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర లాడ్జి, కింద రెస్టారెంటు, పైన ఏసీ ఫంక్షన్ హాలు. 11 కేవీ సర్వీసు, కాంట్రాక్ట్ డిమాండు (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) 150 కేవీఏ. పోయిన నెల మీటరులో రికార్డయిన గరిష్ఠ డిమాండు 128, అది మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చిందే. డిమాండు ఛార్జీ కేవీఏకి నెలకు 475. యూనిట్లు పీక్, నార్మల్, ఆఫ్ పీక్ అని విడివిడిగా పడుతున్నాయి. సాయంత్రం 6 నుంచి 10 దాకా ఉన్న పీక్ లైనే బరువుగా ఉంది.

జరపగలిగినవి ఇవి: 1000 లీటర్ల వేడినీళ్ల ట్యాంకు (12 కిలోవాట్ల హీటరు), వాకిన్ ఫ్రీజరు (లోపలికి నడిచి వెళ్లే గది), కూరగాయల కూలరు, 7.5 హెచ్‌పీ బోరు మోటారు, లాండ్రీ, పిండి గ్రైండర్లు. అన్నిటికీ టైమర్లు పెట్టి మధ్యాహ్నానికి మార్చేద్దామని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. పీక్ నాలుగు గంటలూ జనరేటర్ వేస్తే ఎలా ఉంటుందని ఇంకో ఆలోచన. ఏది మేలు?

మూడులాంతర్లు (విజయనగరం):

అన్నీ మధ్యాహ్నానికి మార్చొద్దండి. పీక్ లైనులో మిగిలింది డిమాండు లైనులో పోతుంది. హీటరు ఒక్కటే లెక్క వేసి చూడండి. రేట్లు సులువుగా ఉండటానికి నార్మల్ 7.50, పీక్ 9.00, పగటి చవక (ఆఫ్ పీక్) రేటు 6.00 అనుకుందాం. మీ అసలు రేట్లు బిల్లులోంచి తీసుకుని వేసుకోండి.

1000 లీటర్లను 28 డిగ్రీల నుంచి 60కి తేవడానికి దాదాపు 37 యూనిట్లు కావాలి. 12 కిలోవాట్లతో మూడు గంటల పైచిలుకు. ఇదంతా పీక్ నుంచి మధ్యాహ్నానికి మారిస్తే యూనిట్‌కు 3 రూపాయల చొప్పున రోజుకు 111, నెలకు సుమారు 3,300 మిగులుతుంది. కానీ మీ డిమాండు శిఖరం కూడా మధ్యాహ్నమే. కాంట్రాక్టులో 80 శాతం, అంటే 120 కేవీఏకి ఎలాగూ కడతారు. మీరు దాన్ని దాటి 128లో ఉన్నారు కాబట్టి ఆ పైన వచ్చే ప్రతి కేవీఏకీ విడిగా డబ్బు. 12 కేవీఏ పెరిగితే 5,700. 3,300 కోసం 5,700 కట్టినట్టు.

అదే హీటరును రాత్రి 2 నుంచి 5 మధ్య నడిపితే, ఆ వేళ నార్మల్ రేటే ఉన్నా నెలకు 1,650 దాకా మిగులుతుంది, డిమాండు కదలదు. ఆఫ్ పీక్ ఉంటే ఇంకా మంచిది. తెల్లవారి స్నానాలకు నీళ్లు సిద్ధంగా ఉంటాయి, సాయంత్రం వచ్చే గెస్టులకు కూడా మిగలాలంటే రెండు చూసుకోవాలి. ట్యాంకు చుట్టూ 50 మిల్లీమీటర్ల పఫ్ (వేడి పోనివ్వని ఫోమ్) ఇన్సులేషన్ ఉండాలి. చన్నీళ్లు అడుగునుంచి ఎక్కి, వేడినీళ్లు పైనుంచి బయటికి రావాలి. చన్నీళ్ల పైపు పైన కలిపి ఉంటే సగం వాడగానే ట్యాంకంతా గోరువెచ్చగా అయిపోతుంది. అప్పుడు సరిగ్గా సాయంత్రం ఏడింటికి, పీక్‌లోనే హీటరును మళ్లీ వేయాల్సి వస్తుంది.

వైరింగులో ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే: టైమర్ కాంటాక్టు మీద 16 ఆంపియర్లు అని రాసి ఉందని మోటారును నేరుగా దాని గుండా ఇస్తారు. ఆ 16 హీటరులాంటి లోడుకు చెప్పినది. మోటారు స్టార్టింగ్ కరెంటుకు కాంటాక్టు అతుక్కుపోయి, ఇక ఆగదు. టైమరు, కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్) కాయిల్‌ను మాత్రమే నడపాలి. హీటరుకు ఫేజుకు 17 ఆంపియర్ల దాకా వస్తుంది, 25 ఆంపియర్ల కాంటాక్టర్ పెట్టండి. బోరుకు ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ ఎలాగూ ఉంటుంది. దాని కాయిల్ లైనులో టైమరు, నీళ్ల ట్యాంకు నిండగానే మోటారును ఆపే పై ఫ్లోటు స్విచ్ సిరీస్‌లో ఉండాలి. అదే ట్యాంకులో పావు వంతు దగ్గర రెండో ఫ్లోటు పెట్టి, దాన్ని టైమరుకు ప్యారలల్‌గా కలపండి. లేకపోతే పెళ్లి రోజున ఎనిమిదింటికి ట్యాంకు ఖాళీ అయి, టైమరు మోటారును ఎక్కనివ్వదు.

ఇంకొకటి. మోటారు స్టార్టింగ్ కరెంటు వల్ల డిమాండు పెరుగుతుందని చాలామంది భయపడతారు. మీటరు చూసేది క్షణాన్ని కాదు, అరగంట లేదా పావుగంట బ్లాకు సగటును. ఒకేసారి ఎన్ని నడుస్తున్నాయన్నదే ముఖ్యం. అందుకే లాండ్రీని మధ్యాహ్నం వేయకుండా, ఉదయం పదిన్నరలోగా ఒక విడత, మూడు తర్వాత ఒక విడతగా చేయండి.

కోల్డ్‌రూమ్_మెకానిక్:

ఫ్రీజరు సంగతి. మధ్యాహ్నం 3 నుంచి 5:30 వరకు సెట్ పాయింట్ మైనస్ 22 పెట్టి, ఆరింటికి మైనస్ 18 చేయండి. తలుపు బీడింగు (చుట్టూ ఉండే రబ్బరు) బాగుండి, లోపల సరుకు నిండుగా ఉంటే కంప్రెసరు చాలాసేపు ఎక్కదు. సగం ఖాళీగా ఉన్న గదిలో ఇది పనిచేయదు, చల్లదనాన్ని పట్టి ఉంచేది గాలి కాదు, సరుకు. కూరగాయల కూలరులో ఈ పని అసలు చేయొద్దు. సున్నా కిందికి పోతే ఆకుకూర గడ్డకట్టి నల్లబడుతుంది, టమాటా అంతకన్నా ముందే పాడవుతుంది.

సెట్ పాయింట్ కన్నా ముందు డీఫ్రాస్ట్ (పేరుకున్న మంచును హీటరుతో కరిగించే) టైమరు చూడండి. ఆరు గంటలకోసారి అయితే 4:30, 10:30, మళ్లీ 4:30, 10:30 వచ్చేలా తిప్పండి. పాత మెకానికల్ టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. తుపాను రోజుల్లో మన జిల్లాల్లో గంటల తరబడి కరెంటు పోతుంది కదా, 4:30 డీఫ్రాస్ట్ కాస్తా జరిగి జరిగి ఏడింటికి వచ్చి కూర్చుంటుంది. డీఫ్రాస్ట్ హీటరూ పీక్‌లోనే, ఆ తర్వాత గదిని మళ్లీ చల్లబరిచే కంప్రెసరూ పీక్‌లోనే. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరుకు మార్చేయండి.

లైన్‌మీటర్:

జనరేటర్ ఆలోచన మానుకోండి. ఈ సైజు సెట్టు మంచి లోడు మీద లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది. డీజిల్ లీటరు 95 అనుకున్నా యూనిట్ 27 పైనే, ఆయిలు, ఫిల్టర్లు కాక. సోలారు కూడా సాయంత్రం పీక్‌ను తగ్గించదు. చలికాలంలో మనకు ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది.

రెండు తనిఖీలు చేయించండి. మీటరు డిస్‌ప్లే బటన్ నొక్కుతూ పోతే తేదీ, టైము వస్తాయి, ఫోనుతో పోల్చండి. గడియారం తప్పుగా ఉంటే నార్మల్ యూనిట్లు పీక్‌లో పడతాయి. ఫొటో తీసి డివిజన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రెండోది కెపాసిటర్లు. హెచ్‌టీ (మీలాంటి 11 కేవీ) బిల్లు కేవీఏహెచ్ మీద కదా, అంటే అసలు వాడిన యూనిట్లను పవర్ ఫ్యాక్టర్‌తో భాగించి వేస్తారు. కెపాసిటర్లు పాడై పవర్ ఫ్యాక్టర్ 0.85 ఉంటే 100 యూనిట్లు వాడి దాదాపు 118కి కడతారు, డిమాండూ అలాగే ఉబ్బుతుంది. 25 కేవీఏఆర్ కెపాసిటరు 415 వోల్టుల దగ్గర ఫేజుకు 35 ఆంపియర్లు లాగాలి. క్లాంపు మీటరులో 28 కన్నా తక్కువ చూపిస్తే దాన్ని మార్చండి.

నాగావళి_గట్టు:

హీటరు లెక్కతో స్పష్టత వచ్చింది, ధన్యవాదాలు. రెండు మిగిలాయి. ఫంక్షన్ హాలు ఏసీలు సాయంత్రం తప్పవు, ముందే చల్లబరిస్తే లాభమా? ఇడ్లీ పిండి ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి రుబ్బుతున్నాం, నాలుగింటికి జరపొచ్చా?

మూడులాంతర్లు:

పిండి జరపొద్దు. ఎండాకాలంలో నాలుగు గంటలు ఎక్కువ పులిస్తే తెల్లారికి పులుపెక్కుతుంది. దాన్ని ఆపడానికి గోరువెచ్చని పిండిని కూలరులో పెడితే ఆ వేడి తీసే కంప్రెసరు పీక్‌లోనే నడుస్తుంది. రాత్రి పది దాటాక రుబ్బండి, ఉదయం ఆరింటికి సరిపోతుంది. నానబెట్టడం కూడా అంతే ఆలస్యంగా మొదలుపెట్టాలి.

హాలును 5 నుంచి 6 వరకు 22 దగ్గర పెట్టి, తర్వాత 25కి మార్చి ఫ్యాన్లు వేయండి. అరగంట, ముప్పావుగంట కలిసొస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. మన తీరపు ఉక్క తలుపు తీయగానే లోపలికి వస్తుంది. భోజనాల హాలు వైపు తలుపుకు ఆటోమేటిక్ క్లోజరు పెట్టిస్తేనే ఆ చల్లదనం నిలుస్తుంది. ఆ గంటలో బోరు, లాండ్రీ ఆపి ఉంచండి.

పీక్, ఆఫ్ పీక్ స్లాట్లు, అవి వర్తించే నెలలు ఏటా ఏపీఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) టారిఫ్ ఆర్డరుతో మారొచ్చు. ఏప్రిల్ బిల్లు రాగానే మీ కేటగిరీ చూసుకుని, టైమర్లన్నీ ఆ లెక్కన మళ్లీ సెట్ చేయించండి.