రేస్ కారు హబ్‌కి స్పీడ్ సెన్సార్ మాగ్నెట్: గమ్ చాలా, గుంత కొట్టాలా?

గుంటూరు_గేర్: మా కాలేజీ ఫార్ములా కారుకి వెనక హబ్ (చక్రం బిగించే, దాంతోపాటే తిరిగే భాగం) మీద నాలుగు నియోడిమియం మాగ్నెట్లు ఎపాక్సీతో అంటించాం, పక్కన తిరగకుండా ఉండే అప్‌రైట్ మీద మాగ్నెట్ దాటినప్పుడల్లా లెక్కపెట్టే హాల్ సెన్సార్. నిన్న టెస్టింగ్‌లో మూడో రౌండ్‌కే ఒకటి ఊడింది, 60 చూపించాల్సిన చోట 45 చూపిస్తోంది. కోయంబత్తూరు కరి ట్రాక్‌కి వెళ్లేలోపు తేల్చుకోవాలి. సగంమంది గట్టి గమ్ చాలంటున్నారు, సగంమంది హబ్‌కి గుంత కొట్టి దించమంటున్నారు.

ఆటోనగర్_లేత్: గమ్‌ని నమ్ముకోకు తమ్ముడూ. 100 స్పీడ్‌లో చక్రం నిమిషానికి దగ్గర దగ్గర వెయ్యిసార్లు తిరుగుద్ది, సెంటర్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మాగ్నెట్‌ని దాని బరువుకి 50 రెట్లు పైనే బయటికి లాగుద్ది. 3 గ్రాములది 160 గ్రాములైపోద్ది, పైగా గతుకులు, బ్రేక్ వేడి. గుంత కొట్టి దించి పైన ఎస్ఎస్ రేకు స్క్రూతో బిగించు.

కృష్ణలంక_ఈఈఈ: సౌత్ పోల్ సెన్సార్ వైపే పెట్టారా? ఏ3144 రకం హాల్ సెన్సార్‌కి నార్త్ చూపిస్తే పలకదు.

గుంటూరు_గేర్: పెట్టాం బ్రో, రెండు రౌండ్లు బానే చదివింది.

మంగళగిరి_మెక్: 160 గ్రాములకి ఎపాక్సీ ఊడుద్దా అన్నా? సరిగ్గా పడితే చదరపు సెంటీమీటరుకి పదుల కిలోలు ఆపుద్ది. మాగ్నెట్ మీది నికెల్ పూత అద్దంలా ఉంటది, ఎమెరీ కొట్టకుండా అసిటోన్‌తో తుడవకుండా అంటిస్తే ఏ గమ్మూ పట్టదు. హబ్‌కి మూల దగ్గర గుంత కొట్టారా, క్రాక్ అక్కడే మొదలవుద్ది.

ఆటోనగర్_లేత్: మూల దగ్గర కొట్టమని ఎవరన్నారు? 22 ఏళ్లుగా లేత్ మీదున్నా.

తెనాలి_రైడర్: ఊడింది దొరికిందా? గమ్ ఏ వైపు మిగిలింది?

గుంటూరు_గేర్: దొరికింది, సస్పెన్షన్ విష్‌బోన్ పైపుకి అంటుకునుంది. మాగ్నెట్ మీద చుక్క గమ్ లేదు, నున్నగా మెరుస్తోంది. గమ్మంతా హబ్ మీదే ఉంది, గుండ్రంగా అచ్చు పడి.

మంగళగిరి_మెక్: నేను చెప్పిందదే. తప్పు గమ్‌ది కాదు, అంటించినవాళ్లది.

ఆటోనగర్_లేత్: రేపు మళ్లీ ఊడితే ఎవర్నంటారు? రెండేళ్ల కింద ఒక కాలేజీ పిల్లలు నా దగ్గర హబ్బులు చేయించుకుని మాగ్నెట్లు హాస్టల్లో వాళ్లే అంటించుకున్నారు, ట్రాక్ మీద ఊడితే లేత్‌వాడు హబ్ వంకరగా చేశాడని రాశారు. వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి తిప్పి చూపించినా వినలా, 3,500 బాకీ ఇప్పటికీ ఇవ్వలా. స్క్రూ అయితే ఎవరి పని ఎవరిదో కంటికి కనపడుద్ది.

మంగళగిరి_మెక్: అది అన్యాయమే అన్నా, కాదన్ను. నా భయం వేరే. కాలేజీ టీముల దగ్గర ఉండేది ఒకటే సెట్టు. గమ్ తప్పితే మాగ్నెట్ పోద్ది, డ్రిల్ తప్పితే కారే ఆగిపోద్ది.

గుంటూరు_గేర్: అవునన్నా, స్పేర్ హబ్ లేదు.

ఆటోనగర్_లేత్: ఆ మాట ముందు చెప్పాలిగా! అయితే హబ్ ముట్టుకోవద్దు. 6 ఎంఎం అల్యూమినియం రింగ్ కోసి గుంతలు దాంట్లో కొడదాం, కొంచెం పొడుగు బోల్టులు వేసి హబ్‌కే బిగించొచ్చు. పాడైతే ఇంకో రింగ్.

మంగళగిరి_మెక్: రింగ్ అయితే ఓకే. గుంతలో కూడా గమ్ వేసి 24 గంటలు కదపొద్దు. మామూలు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం పోద్ది, బ్రేక్ డిస్క్ పక్కనే కాబట్టి 150 దాకా ఆగే ఎస్‌హెచ్ గ్రేడ్ తీసుకోండి.

ఆటోనగర్_లేత్: గమ్ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. రేకూ స్క్రూలూ పడకుండా మాత్రం రింగ్ నా షాపు దాటదు. బోల్టుల దూరం కొలిచి పంపు తమ్ముడూ.